రీలుకు 1.8 లక్షల వ్యూస్, ఆర్డర్లు మాత్రం తొమ్మిది. తప్పు ఎక్కడ జరుగుతుంది?

అప్పాల_మరిది | హనుమకొండ | నవంబర్ 16, రాత్రి 10:12

అందరికి నమస్తే. మా వదిన నయీంనగర్ల ఇంట్లనే అప్పాలు చేసి అమ్ముతది. సకినాలు, గరిజెలు, లడ్డూలు, సంక్రాంతి ముందట అరిసెలు. వదిన, మా అమ్మ, గల్లీల ఇద్దరు ఆడోళ్ళు, మొత్తం నలుగురు. మూడేండ్ల నుంచి నోటి మాట మీదనే నడుస్తుంది. ఎవలింట్ల పెండ్లయినా, శ్రీమంతమైనా ఫోన్ చేసేటోళ్ళు.

దసరా తర్వాత నేనే ఇన్‌స్టా పేజీ తెరిచిన. వదిన బట్ట మీద సకినాలు చుట్టే వీడియో ఒకటి పెట్టిన, ఎనుకకెళ్ళి మా అమ్మ ముచ్చట్లు వినవడ్తయి. మొత్తం ఇరవై ఎనిమిది సెకన్లు. అది ఎట్ల పోయిందో ఏమో, వారంల 1.8 లక్షల వ్యూస్. ఇంట్ల పండుగ చేసుకున్నం. ఆర్డర్లు వస్తయని వదిన ముందుగాలనే పది కిలోల బియ్యం నానవోసింది.

వచ్చినయి తొమ్మిది. అందుల మూడు మా చుట్టాలయే.

కామెంట్లు మాత్రం ఆరు వందలు. "నోరూరుతుంది", "మా అమ్మమ్మ యాదికొచ్చింది", "ధర ఎంత", "బెంగళూరుకు పంపుతరా". జవాబులు ఇచ్చుకుంట కూసుంటే నా ఆఫీసు పని ఆగింది. బెంగళూరుకు రెండు కిలోలు పంపితే సగం విరిగి పొడైనయి, పైసలు వాపస్ ఇచ్చినం.

సంక్రాంతికి రెండు నెలలు గూడ లేదు. ఐదు వేలు పెట్టి బూస్ట్ చేద్దామా, అంటే ఇన్‌స్టాకు పైసలు కట్టి ఇంకా ఎక్కువ మందికి చూపెడ్దామా? లేకుంటే ఇదంత బంద్ చేసి ఎనుకటి లెక్కనే ఉందామా? తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

కూలింగ్_కాజీపేట | నవంబర్ 16, రాత్రి 10:31

తమ్మీ, చూసినోళ్ళు ఏ ఊరోళ్ళో చూసినవా? ప్రొఫెషనల్ ఖాతాకు మార్చినవంటే ఇన్‌సైట్స్‌ల, అదే ఎవలు చూసిండ్రో చెప్పే లెక్కలల్ల, ఊర్ల పేర్లు కనవడ్తయి.

అప్పాల_మరిది | నవంబర్ 16, రాత్రి 10:40

చూసిన అన్నా. మొదట హైదరాబాద్, తర్వాత బెంగళూరు, విజయవాడ. వరంగల్ నాలుగోది. నూటికి ఐదుగురు గూడ లేరు.

కూలింగ్_కాజీపేట | నవంబర్ 16, రాత్రి 10:42

అయితే తప్పేం జరుగలే. సినిమా చూసిండ్రు, పోయిండ్రు.

లెక్కల_సార్ | హనుమకొండ | నవంబర్ 17, ఉదయం 6:15

ముందు ఒక ప్రశ్న, కోపం తెచ్చుకోకండి. మీ వదిన గారు, మిగతా ముగ్గురు కలిసి రోజుకు ఎన్ని కిలోల సకినాలు చుట్టగలరు?

అప్పాల_మరిది | నవంబర్ 17, ఉదయం 7:50

ఎనిమిది కిలోలు సార్. అందరు గట్టిగ కూసుంటే పది. తడిబియ్యం గిర్నిల పట్టించుడు, నువ్వులు, ఓమ కలుపుడు, చుట్టుడు, జర ఆరినంక గోలించుడు, అంత చేతిపనే. మిషన్ తోని అయ్యేది కాదు.

లెక్కల_సార్ | నవంబర్ 17, ఉదయం 8:05

పండుగకు ముందు ఇరవై రోజులు కూర్చుంటారనుకుందాం. రోజుకు తొమ్మిది కిలోల లెక్కన 180 కిలోలు. ఇంటికి రెండేసి కిలోలు తీసుకుంటే తొంభై ఇళ్ళు. అంతే. తొంభై ఒకటో ఇంటికి మీరు లేదనే చెప్పాలి. ఆ తొంభై ఇళ్ళ కోసం నయీంనగర్, కిషన్‌పుర, బాలసముద్రం, నక్కలగుట్ట, సుబేదారి దాటి పోవాల్సిన పని ఉందా? ఐదు వేలు పెట్టి ఊరూరా చూపిస్తే ఇంకో ఆరు వందల కామెంట్లు వస్తాయి, వాటికి జవాబు రాయడానికి మీరు ఇంకో వారం సెలవు పెట్టాలి. నేను కామర్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇన్‌స్టా సంగతులు ఇక్కడున్న మిగతావాళ్ళే చెప్పాలి.

చౌరస్తా_స్టీలు_షాపు | వరంగల్ | నవంబర్ 17, ఉదయం 9:30

సార్ మంచిగ చెప్పిండు. బిడ్డా, నాకు అరవై రెండేండ్లు. వరంగల్ చౌరస్తా కాడ స్టీలు, ఇత్తడి సామాను షాపు. నేను ఒక్క రీలు చెయ్యలే, చేస్తే మాత్రం ఈ మొకాన్ని ఎవలు చూస్తరు. వాట్సాప్ బిజినెస్ మాత్రం 2019 నుంచి వాడుతున్న, కొడుకు ఎక్కించి ఇచ్చిండు.

బిల్లు చేసినోళ్ళందరితోని గల్ల ముందటనే మా నంబర్ సేవ్ చేపిస్త. ఎందుకంటవా, ఒక్క మెసేజిని మందికి విడివిడిగ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుల మనం పంపింది, మన నంబర్ వాళ్ళ ఫోన్ల సేవ్ ఉంటెనే పోతది. లిస్టుకు 256 మందే. నాకు నాలుగు లిస్టులున్నయి: పెండ్లి సామాను, హోటలోళ్ళు, గుడి కమిటీలు, మామూలు గిరాకి. అందరికి అన్నీ పంపితే బ్లాక్ కొడ్తరు. గుడి కమిటోనికి టిఫిన్ డబ్బ ఫోటో ఎందుకు చెప్పు.

నెలకు రెండే మెసేజిలు పంపుత. దినాం పొద్దుగాల గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేటోళ్ళుంటరు, వాళ్ళ నంబర్ ఎన్నడో మ్యూట్ల పడి ఉంటది, పాపం వాళ్ళకు తెల్వది. స్టేటస్ అయితే దినాం పెట్టు, అది ఎవలనూ గెలుకది, చూడబుద్ధయినోడు చూస్తడు. మొన్న మొంథా తుఫానుకు మా గల్లీల నీళ్ళొచ్చి రెండు దినాలు షాపు తియ్యలే. "నీళ్ళు పోయినయి, రేపు పదింటికి తీస్తం" అని స్టేటస్ పెడ్తే అది చూసే మంది వచ్చిండ్లు. వేరే యాప్‌లు వేసుకొని వేలమందికి ఒక్కసారే పంపుతమని ఎవడన్న వస్తె మాత్రం దగ్గరికి రానియ్యకు. మా పక్క షాపాయన నంబరే వాట్సాప్ బంద్ చేసింది, పదేండ్ల గిరాకి నంబర్లన్నీ దాంట్లనే ఉండె.

కొత్తవాడ_నేత | వరంగల్ | నవంబర్ 17, మధ్యాహ్నం 2:20

సారుకు, పెద్దాయనకు దండం. కని నాదొక అడ్డం మాట. ఊర్లె గిరాకే గిరాకి అంటాండ్లు మీరు. మా ఇంట్ల జంపఖానాలు నేత్తం, తాతల కాడికెళ్ళి అదే పని. వరంగల్ జంపఖానాకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే గుర్తింపు, గూడ వచ్చింది. పేరు మంచిగనే వచ్చింది, మరి వరంగల్ల జంపఖానా కొనేటోళ్ళు ఎంతమంది? ఇంటింటికి ప్లాస్టిక్ చాపలు, ఫోము పరుపులు. మా గిరాకంత పుణె, చెన్నై, బెంగళూరు. గాళ్ళ కండ్లకు నేను కొత్తవాడల కూసోని ఎట్ల కనవడాలె? ఇన్‌స్టాలనే కదా. జంపఖానా మడత పెట్టి పోస్టుల ఏత్తే పది దినాలు పోయినా ఏం గాదు, సకినం తీరు ఇరుగది.

నాకు లక్షలు ఎన్నడు రాలే. ఎక్కువల ఎక్కువ నాలుగు వేల వ్యూస్. కని మగ్గం మీద సగం నేసింది చూసి "ఇదే రంగుల ఆరడుగులు, నాలుగడుగులు నేసిత్తరా" అని అడిగేటోడు ఒక్కడొత్తే చాలు, నాకు వారం పని. అందుకే తమ్మీ, సరుకు ఎంత దూరం పోతదో చూసుకో, నీ వీడియో అంతే దూరం పోవాలె.

ఒక నవ్వులాట ముచ్చట. మొదట్ల నేను ప్రతి వీడియో కింద హ్యాష్‌ట్యాగ్ పెట్టి "మగ్గం" అని రాసేది. దినాం పది మంది ఆడోళ్ళు "బ్లౌజుకు మగ్గం వర్కు ఎంత అన్నా" అని మెసేజిలు. మూడు నెల్లకు సమజైంది, ఇన్‌స్టాల మగ్గం అంటె జాకెట్ల మీది కుట్టుపని, మా మగ్గం కాదు. ఇప్పుడు చేనేత, జంపఖానా, కొత్తవాడ అని రాత్తాన.

మగ్గంవర్క్_అక్క | కరీంనగర్ | నవంబర్ 17, సాయంత్రం 4:05

ఆ పది మందిని నాకు పంపకపోయినవా అన్నా!

మరిదీ, నీ వీడియో నేను గూడ చూసిన. మీ అమ్మ మాటలే దాంట్ల ముద్దుగున్నయి. సినిమా పాట పెట్టకపోవుడు మంచిదైంది. బిజినెస్ ఖాతాకు సినిమా పాటలు చానా మటుకు దొరకయి. ఫోన్ల కలిపి ఎక్కిస్తె ఎప్పుడో ఒకనాడు ఆవాజ్ తీసేస్తరు, నాయి రెండు రీల్లు మూగయినయి.

ఒకటి చెప్పు. పేజీ మీద ఫోన్ నంబర్ ఎవరిది పెట్టినవు?

అప్పాల_మరిది | నవంబర్ 17, సాయంత్రం 6:30

వదినదే అక్కా.

మగ్గంవర్క్_అక్క | నవంబర్ 17, సాయంత్రం 6:34

అనుకున్న. రాత్రి పదకొండింటికి హాయ్‌లు, వీడియో కాల్స్ వస్తున్నయా లేదా?

అప్పాల_మరిది | నవంబర్ 17, రాత్రి 8:10

వస్తున్నయి. మా అన్నకు కోపమొచ్చి పేజీ తీసెయ్యమంటున్నడు. బంద్ చేద్దామా అని అడిగింది అసలు అందుకే. ఇక్కడ రాయాల్నా వద్దా అని ఆగిన.

మగ్గంవర్క్_అక్క | నవంబర్ 17, రాత్రి 9:00

రాయాలె. ప్రతి ఇంట్ల ఇదే లొల్లి, ఎవలూ బయటకు చెప్పుకోరు, ఆఖరికి ఆడిమనిషి పనే బంద్ అయితది. ఈ రాత్రే చెయ్యి: కొత్త సిమ్ము తీసుకొని దాంట్ల వాట్సాప్ బిజినెస్ వెయ్యి. ప్రొఫైల్ ఫోటో సకినాల పళ్ళెం, వదిన ఫోటో వద్దు. వేళలు పొద్దున 9 నుంచి రాత్రి 7 అని పెట్టు, ఆ వేళ దాటినంక "రేపు పొద్దున జవాబిస్తం" అని దానంతటదే మెసేజి పోతది. తెల్వని నంబర్ల కాల్స్ మోగకుండ చేసే సెట్టింగు వాట్సాప్‌లనే ఉన్నది, ఆన్ చెయ్యి. ఫోను పగలు వదిన దగ్గర, రాత్రి నీ దగ్గర.

మా ఇంట్ల అయితే మా ఆయనకు ఇచ్చిన. ఎవడన్న "హాయ్ డియర్" అంటె "చెప్పుండ్రి సార్, ఎన్ని బ్లౌజులు?" అని ఆయన గొంతుతోని వాయిస్ మెసేజి పోతది. మళ్ళ ఒక్కడు రాలే.

కూలింగ్_కాజీపేట | నవంబర్ 18, ఉదయం 7:20

పైన అక్క చెప్పింది కాపాడుకునే మాట. నేను గిరాకికి మనం దొరికే మాట చెప్త. నా పని ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు. ఇన్‌స్టాల నేను లేనే లేను. ఫ్రిజ్ ఖరాబైనోడు రీల్లు చూసుకుంట కూసోడు, గూగుల్‌ల కొడ్తడు. నాకు అన్నం పెట్టేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌ల కొడ్తె మన పని పేరు, నంబర్ చూపెట్టేది. దానికి పైసలు లేవు, ఉత్తదే. అప్పాలకు గూడ పనికొస్తది: పండుగ ముందట "సకినాలు ఎక్కడ దొరుకుతయి" అని కొట్టేటోళ్ళు మన ఊర్లనే ఉంటరు. ఇంటి అడ్రస్ చూపెట్టకుండ, ఏయే ఏరియాలకు ఇస్తరో ఆ పేర్లు మాత్రం పెట్టుకోవచ్చు. నిజంగ పని నడుస్తుందా అని వాళ్ళు వీడియో అడుగుతరు, అదొక్కటే జర తిప్పలు.

ఇంకోటి, స్పెల్లింగు. మనోళ్ళు తెలుగుల మాట్లాడ్తరు, ఇంగ్లీషు అక్షరాలల్ల కొడ్తరు. 2021ల వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది గని, జనం హన్మకొండ, హనంకొండ అని ఎవలకు తోచినట్టు వాళ్ళు కొడ్తనే ఉన్నరు. సకినాలకు గూడ అంతే. వివరాలు రాసే కాడ అన్ని తీర్లు వచ్చేటట్టు రాయి. ఇన్‌స్టాల అయితే పైన పేరు జాగల "సకినాలు హనుమకొండ" అని పెట్టు, సర్చ్‌ల ఆ పేరును చూస్తది. గూగుల్‌ల మాత్రం వ్యాపారం పేరుకు అట్ల తోకలు తగిలించకు, ఒప్పుకోదు.

రివ్యూలు అడుగుటానికి సిగ్గువడకు. పని అయినంక లింకు పంపి "రెండు ముక్కలు రాయన్నా" అంట నేను. "రాస్తె వంద తగ్గిస్త" అని మాత్రం అనొద్దు, అది గూగుల్ నియమాలకు వ్యతిరేకం.

గ్రోత్_గురు_వరంగల్ | నవంబర్ 18, ఉదయం 11:00

హలో సార్! మీ బిజినెస్‌ను నెక్స్ట్ లెవెల్‌కు తీసుకెళ్ళండి!! నెలకు 5,999 మాత్రమే. 10 వేల ఫాలోవర్లు గ్యారంటీ, 30 పోస్టర్లు, 8 రీల్స్. వెంటనే సంప్రదించండి: [తొలగించబడింది]

నిర్వాహకుడు | నవంబర్ 18, ఉదయం 11:25

పై పోస్టులో ఫోన్ నంబర్ తీసేశాం. ప్రకటనలకు వేరే విభాగం ఉంది. ఈ ఖాతాకు ఇది రెండో హెచ్చరిక.

కొత్తవాడ_నేత | నవంబర్ 18, మధ్యాహ్నం 1:15

ఇసొంటోళ్ళ చేతుల నేను పడ్డ. పేరు చెప్పను. ఆర్నెల్లు పైసలు కట్టిన. పేజీ వాళ్ళ ఖాతా మీద తెరిచిండ్లు, నాకేం ఎరుక. ఫాలోవర్లు ఎనిమిది వేలు అన్నరు, చూత్తే ఒక్కనిది మన దేశం పేరు లేదు, ఒక్కడు ఒక్క మాట అడుగడు. అసొంటోళ్ళు పేజీల నిండితే మన కొత్త వీడియోను కొనేటోళ్ళకు గూడ చూపెట్టది. పైసలు ఆపంగనే పేజీ పాస్‌వర్డ్ ఇయ్యలే. మా నాయిన మగ్గం మీద కూసున్న ఫోటో ఇంక ఆ పేజీల ఉన్నది, తీద్దామంటె నా చేతుల లేదు.

పని ఎవనికన్న ఇయ్యి, కని పేజీ నీ నంబర్ మీద, నీ మెయిల్ మీద తెరువు. వాళ్ళకు పని చేసేటంత వరకే అనుమతి ఇయ్యి.

మిర్చి_బిడ్డ | నర్సంపేట | నవంబర్ 18, రాత్రి 9:45

మాది చపాటా మిర్చి. 2025ల జీఐ వచ్చింది దీనికి. టమాట మిర్చి అని గూడ అంటరు, రంగు మస్తు, కారం తక్కువ. పోయినేడు కారం పట్టించి ప్యాకెట్లు అమ్ముడు షురూ చేసిన. ఫేస్‌బుక్ల ఫోటో పెడ్తె కింద అందరిది ఒకటే మాట: "రంగు కలిపినవ్". గంత ఎర్రగుంటది మరి! మస్తు కోపమొచ్చింది, ఇద్దరితోని కొట్లాడిన గూడ.

తర్వాత మా చెల్లె చెప్పింది, కొట్లాడుడు ఎందుకు, చూపెట్టు అని. కాయలు గిర్ని కాడికి పట్కపోయి, తొడిమెలు తీసుడు కాడికెళ్ళి కారం సంచిల పడేదాక ఎక్కడ కట్ చెయ్యకుంట తీసిన. పాట లేదు, గిర్ని సప్పుడే. రెండు వేల వ్యూస్ గూడ దాటలే. కని నాకు ఆర్డర్లు వచ్చింది దాంతోనే. ఇప్పటికి ఎవలన్న రంగు అంటె ఏమనను, ఆ లింకు పంపుత.

అన్నా, వదిన సకినాల మీద మందికి ఉండే అనుమానం ఏంది? నూనె. మాడిన నూనెలనే మళ్ళ మళ్ళ గోలిస్తరేమో అని. ప్యాకెట్ కత్తిరించి కొత్త నూనె మూకుట్ల పోసుడు కాడికెళ్ళి తియ్యి. తినే సరుకు అమ్మేటోళ్ళకు ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబర్ తీసుకున్నరా? తీసుకుంటె ప్యాకెట్ మీద కనవడేటట్టు పెట్టు. లేకుంటె ముందు ఆ పని చెయ్యి, రీలు తర్వాత.

అప్పాల_మరిది | నవంబర్ 18, రాత్రి 10:20

నంబర్ ఉన్నది తమ్మీ, కని స్టిక్కర్ మీద లేదు. రేపే వేయిస్త. ధర సంగతి చెప్పుండ్రి: పోస్టుల రాయాల్నా, "మెసేజ్ చేయండి" అనాల్నా?

మగ్గంవర్క్_అక్క | నవంబర్ 19, ఉదయం 10:10

రాయకు. నేను ధర పెట్టిన మరునాడే పక్క సందుల ఆమె రెండు వందలు తక్కువ పెట్టింది. మెసేజ్ చేస్తెనే కదా మాట కలిసేది.

కూలింగ్_కాజీపేట | నవంబర్ 19, ఉదయం 10:30

రాయాలె అక్కా. ధర దాచిపెడ్తె మనిషికి ఏమనిపిస్తది? మొకం చూసి చెప్తరేమో అనిపిస్తది.

మగ్గంవర్క్_అక్క | నవంబర్ 19, ఉదయం 10:41

మీరు ఏసీ గ్యాసుకు ఒక్కటే రేటు చెప్తరా? ఇంటికొచ్చి చూసినంకనే కదా చెప్పేది. బ్లౌజు గూడ అంతే. పూసలు వేరు, జరీ వేరు, చేతులకు మాత్రమేనా, వీపుకు గూడనా.

మిర్చి_బిడ్డ | నవంబర్ 19, మధ్యాహ్నం 12:00

ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది. కారం, సకినాలు తూకం సరుకు, వాటికి ధర దాచేదేముంది? నేను ధర పెట్టినంక మెసేజ్‌లు సగమైనయి, ఆర్డర్లు తగ్గలే. పోయినోళ్ళు ఎట్లయినా కొనకపోతుండె, నా టైం మాత్రం మిగిలింది.

మగ్గంవర్క్_అక్క | నవంబర్ 19, మధ్యాహ్నం 12:20

అయితే నేను "1,800 నుంచి" అని రాస్త, అంతకు మించి రాయ. పక్క సందామె ఈ చర్చ చదువుతుందేమో గూడ.

జగిత్యాల_షార్జా | నవంబర్ 19, రాత్రి 11:50

నేను షార్జాల ఉంట, ఇల్లు జగిత్యాల దగ్గర. మీరంత కొనేటోడు, తినేటోడు ఒక్కడే అనుకుంటున్రు. మా దిక్కు ఊర్లల్ల ఇంటికొకడు గల్ఫుల ఉన్నడు. కొనేది మేము, తినేది ఇంటికాడ అమ్మ, పిల్లలు. బతుకమ్మకు చెల్లెకు చీర, పండుగకు అప్పాలు, పిల్లగాని పుట్టినరోజుకు కేకు, అన్నీ ఇక్కడికెళ్ళి ఫోన్లనే చెప్తం. మా ఊరి బేకరాయన ఇది పట్టిండు: కేకు ఇంటికి ఇచ్చేటప్పుడు మా పిల్ల నవ్వేది పది సెకన్ల వీడియో తీసి నాకు పంపిండు. దాన్ని నేను రూముల ఆరుగురికి చూపెట్టిన. ఆరుగురు ఆయన నంబర్ సేవ్ చేసుకున్నరు. ఆయనకు పేజీ గీజీ ఏం లేదు.

మాకు ఇక్కడ వాట్సాప్ కాల్ పోదు. "కాల్ చేయండి" అని రాస్తె మేము ఆగిపోతం. వాయిస్ మెసేజి పెడ్తె చాలు. డ్యూటీ అయినంక మేము మెసేజి పెట్టేసరికి మీ దిక్కు రాత్రి పది దాటుతది, అక్కా, అందరం హాయ్‌గాళ్ళం కాదు!

తమ్మీ, జగిత్యాలకు అప్పాలు పంపగలవా? సకినాలు విరుగకుండ?

చౌరస్తా_స్టీలు_షాపు | నవంబర్ 20, ఉదయం 9:15

సకినాలు కవర్ల పంపితే విరుగయా మరి. రేకు డబ్బల అడుగున, పైన కాయితం తురుము పెట్టి, ఒకదాని మీద ఒకటి బిగుతుగ పేర్చాలె. ఆడకుంటె విరుగయి. డబ్బకు ఇంత అని ధరల కలుపు. ఆర్టీసీ కార్గోల వేస్తె హైదరాబాద్, జగిత్యాల లాంటి ఊర్లకు తొందరగ చేరుతది, బస్టాండ్ల తీసుకుంటరు.

ఇంకో మాట. పైసలు కొట్టిన అని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకు, నీ ఖాతాల పడ్డదా చూసుకో. మిలిటరోళ్ళమని చెప్పి యాభై కిలోల ఆర్డరిచ్చి, "క్యూఆర్ స్కాన్ చెయ్యి, అడ్వాన్సు వస్తది" అంటరు. మనకు పైసలు వచ్చేటందుకు మనం పిన్ కొట్టే పని లేదు. మోసం అయితే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ కొట్టు.

మంచిర్యాల_టిఫిన్స్ | నవంబర్ 21, సాయంత్రం 5:30

ఆలస్యంగా చూశాను. ఫుడ్ వీడియోలు చేసేవాళ్ళను పిలుద్దామని ఎవరైనా అనుకుంటుంటే నా అనుభవం వినండి. ఒకతనికి ఎనిమిది వేలు ఇచ్చాను. "మంచిర్యాలలో ఇంతకన్నా మంచి దోశ లేదు" అని అరిచి వెళ్ళాడు. డబ్బు తీసుకుని చేసినట్టు ఎక్కడా వేయలేదు. అది వేయాలని 2021లోనే ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

ఆదివారం వందల మంది వచ్చారు. నా దగ్గర పెనం రెండు, పిండి ఎప్పటంతే. పదింటికల్లా చట్నీ అయిపోయింది. రోజూ వచ్చే సింగరేణి షిఫ్టు వాళ్ళకు నిలబడే చోటు లేదు, వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ వారం గూగుల్‌లో ఒక్క స్టార్ రివ్యూలు పదకొండు. వచ్చిన కొత్తవాళ్ళు మళ్ళీ రాలేదు, లేచిపోయిన పాతవాళ్ళు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ పదకొండు రివ్యూలకు ఒక్కొక్కదానికి కూర్చుని జవాబు రాశాను, "ఆ రోజు తప్పు మాదే" అని. అవి చదివి వచ్చామని చెప్పినవాళ్ళు మాత్రం కొందరున్నారు.

లెక్కల_సార్ | నవంబర్ 21, సాయంత్రం 6:00

తొంభై ఒకటో ఇల్లు అన్నది దీన్నే.

అప్పాల_మరిది | డిసెంబర్ 14, రాత్రి 9:30

చేసినయి చెప్తున్న. కొత్త సిమ్ము వచ్చింది, రాత్రి ఫోను నా దగ్గరనే. మా అన్న చల్లవడ్డడు. గూగుల్ ప్రొఫైల్ వీడియో రెండుసార్లు తిప్పి పంపిన్రు, మూడోసారి ఒప్పుకున్నరు. స్టిక్కర్ మీద 14 అంకెల నంబర్, కింద "ఈ నంబర్ సేవ్ చేసుకోండి". కిలో 380 అని పోస్టులనే రాసిన. నూనె వీడియో తీసినం, అమ్మ మధ్యల "గీ నూనె రేపు కూరకు" అన్నది, అదొక్క ముక్క తీసెయ్యాల్నా అని వదిన అడిగింది, నేను ఉంచిన.

ఐదు వేలు పెట్టలే. 1,500 పెట్టిన, దాని మీద 18 శాతం జీఎస్టీ గూడ పడుతది. నయీంనగర్ల పిన్ పెట్టి చుట్టు ఎనిమిది కిలోమీటర్లు, నొక్కితే నేరుగ వాట్సాప్ తెరుచుకునేటట్టు. ఆరు దినాలల్ల 41 మెసేజ్‌లు, 17 ఆర్డర్లు. సార్, వదిన మీ లెక్క చీటి గోడకు అంటించింది. ఒక్కొక్క ఇంటికి ఒక గీత.

అప్పాల_మరిది | జనవరి 18, ఉదయం 11:00

అయిపోయింది. 172 కిలోలు. సార్ లెక్కకు ఎనిమిది తక్కువ, ఒకనాడు గిర్ని కాడ కరెంటు లేకుండె. గీతలు 84. సగానికి ఎక్కువ పాత గిరాకి, వాళ్ళ స్టేటస్ చూసి వాళ్ళ చుట్టాలు. బూస్ట్ తోని 17, గూగుల్ తోని 9, జగిత్యాల అన్న రూముకెళ్ళి 5, అవి రేకు డబ్బలల్ల పోయినయి, ఒక్క డబ్బల మాత్రం నాలుగు విరిగినయి. బెంగళూరోళ్ళకు గరిజెలు, లడ్డూలు పంపినం, అవి ఈ లెక్కల లేవు. 1.8 లక్షల రీలు చూసి కొన్నమని చెప్పినోళ్ళు ఇద్దరు.

లెక్కల_సార్ | జనవరి 18, మధ్యాహ్నం 12:40

సంతోషం. ధర వేసేటప్పుడు మీ వదిన గారి కూలి, అమ్మగారి కూలి, మీరు రాత్రుళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చున్న గంటలు లెక్కలో వేశారా?

అప్పాల_మరిది | జనవరి 18, మధ్యాహ్నం 1:05

గల్లీల ఇద్దరికి ఇచ్చిన కూలి వేసిన సార్. వదినది, అమ్మది వెయ్యలే. నాది అసలే లేదు.

లెక్కల_సార్ | జనవరి 18, మధ్యాహ్నం 1:10

వేసి మళ్ళీ చూడండి. 380 చాలదు.

మగ్గంవర్క్_అక్క | జనవరి 18, మధ్యాహ్నం 1:30

చూసినవా, ధర పోస్టుల రాసినవు కదా, ఇప్పుడు పెంచితే అందరు అడుగుతరు.

చౌరస్తా_స్టీలు_షాపు | జనవరి 18, సాయంత్రం 4:50

అడిగితే అడుగనియ్యి, స్టీలు ధర ప్రతి నెల పెరుగుతది, నేను చెప్తలేనా. బిడ్డా, జనవరి ఆఖరున మేడారం పోతున్నం, ఇంటిల్లిపాది. తొవ్వల తినేటందుకు మూడు కిలోల సకినాలు కావాలె, ఓమ జర ఎక్కువ.

అప్పాల_మరిది | జనవరి 18, సాయంత్రం 5:15

తాతా, వదిన చేతులు నొస్తున్నయని వారం దినాలు పొయ్యి బంద్ పెట్టినం. మళ్ళ వెలిగించిన్నాడు స్టేటస్‌ల పెడ్త. మా నంబర్ సేవ్ చేసుకున్నవా?